పది నుంచి వెనక్కి

ఆమె తాడు పట్టుకుని వేలాడుతోంది. క్వారీ నీళ్ళలో ఐదు మీటర్ల లోతు, అంతే. పైన నీటి కప్పు వెలుగులో కదులుతోంది, తెప్ప కింద కట్టిన నీలం పీపాలు నాలుగూ కనిపిస్తున్నాయి, చెయ్యి చాస్తే అందేటట్టే ఉన్నాయి. మణికట్టు మీద మీటరు మాత్రం పదకొండు అంటోంది. పదకొండు నిమిషాలు ఇక్కడే, ఈ తాడు మీదే ఉండాలి. లోతుకు పోయినప్పుడు ఒంట్లోకి దూరిన గాలి మెల్లమెల్లగా ఊపిరితో దిగిపోవాలట, తొందరపడి పైకి పోతే సోడా సీసా మూత లాగినట్టు రక్తంలో బుడగలు లేస్తాయట. సరే, ఉంటుంది. పైకి పోవాలని ఎవరికుంది. ఆమె కళ్ళు పైన లేవు. తాడు వెంబడి కిందికి, పచ్చరంగు నల్లబడే చోటు దాకా పోయి అక్కడే ఆగిపోయాయి. ఆ నలుపులో ఎక్కడో మరిది ఉన్నాడు. వాడి కోసం, డైవింగ్ నేర్పే మాస్టారు దిగారు. ఇద్దరూ ఇంకా రాలేదు. ముగ్గురు దిగారు, ఒకరు పైకి వచ్చారు, ఆ ఒకరు తనే. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా మారడం లేదు.

బుర్ర ఇప్పుడు కడిగిన అద్దంలా ఉంది, అదే బాధ. కింద కావలసినప్పుడు లేదు, ఇక్కడ పనికిరాని చోట నిగనిగలాడుతూ తిరిగి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. నోట్లో గొట్టం పళ్ళ మధ్య నలుగుతోంది, దవడలు నొప్పి పుడుతున్నాయి, ఇంత గట్టిగా కరవక్కర్లేదని తెలుసు, అయినా వదలడం లేదు. ఊపిరి బిగబట్టకూడదు, నీళ్ళలో మొదటి పాఠం అదే, ఎంత భయమేసినా ఊపిరి బిగబట్టకూడదు, భయమంటే ఊపిరి బిగబట్టడమే కదా, మరి ఇక్కడ ఎలా భయపడాలో ఎవరూ నేర్పలేదు. పీల్చు, వదులు. పీల్చు, వదులు. పక్కనే తాడుకు రెండు అదనపు సిలిండర్లు కట్టి ఉన్నాయి, గాలి చాలకపోతే వాడుకోమని పొద్దున మాస్టారు స్వయంగా కట్టారు. రెండూ ఖాళీగా, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఊగుతున్నాయి. ఖాళీగా కాదు, నిండుగానే ఉన్నాయి. నిండుగా ఉన్నాయనే భయంగా ఉంది. కిందివాళ్ళు వస్తేనే అవి ఖాళీ అవుతాయి.

ఆపరేషన్ అయ్యాక కళ్ళు తెరిచినవాళ్ళు అందరూ ఒకటే అడుగుతారు, అయిపోయిందా అని. మూడు గంటలు కోసి కుట్టినా వాళ్ళకు రెప్ప వేసి తీసినంతే. పద్నాలుగేళ్ళుగా మత్తు డాక్టరు పక్కన నిలబడి ఆమె ఆ మాట వింటోంది, వింటూ లోపల కాస్త నవ్వుకుంటుంది కూడా, పాపం మీకేం తెలుసు, ఏమేం జరిగాయో అని. ఇప్పుడు తన వంతు. కింద జరిగినదాంట్లో కొంత ఉంది, కొంత లేదు. చిరిగిన చీర మడత విప్పినట్టు, మంచి ముక్క వస్తుంది, తర్వాత చిల్లు, మళ్ళీ ముక్క. చిల్లులో ఏముందో చూసినవాడు ఒక్కడే. వాడు రావాలి.

వాడు రాకపోతే అత్తగారికి ఏం చెప్పాలి. అసలు ఈ నీళ్ళలోకి తను ఎందుకు వచ్చింది, తనకేం పని. జలాశయాల తలుపులు నీళ్ళలో దిగి పరీక్షించే కంపెనీలో వాడికి ఉద్యోగం, నలభై మీటర్ల సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే పర్మనెంటు. ఆ మాట ఇంట్లో అన్నం దగ్గర అన్నాడు. అత్తగారు చేతిలో గరిటె అలాగే పట్టుకుని, "వాణ్ణొక్కణ్ణి పంపిస్తే నాకు ముద్ద దిగదు. నువ్వూ పో అమ్మాయ్. నీకెలాగూ ఈత వచ్చు, మందుల సంగతీ తెలుసు" అంది. భర్త పెరుగు కలుపుకుంటూ, "నాకు ఈత రాకపోవడం ఎంత అదృష్టమో ఈ రోజు తెలిసింది" అన్నాడు. అందరూ నవ్వారు. మరిది కూడా నవ్వాడు గానీ ఆమె వైపు చూశాడు, వస్తావా వదినా అన్నట్టు. పాతికేళ్ళవాడు, గడ్డం పెంచాడు, లిఫ్టులో ఒంటరిగా ఎక్కమంటే ఇప్పటికీ మెట్లు మంచి వ్యాయామం అంటాడు. అలాంటివాడు నీళ్ళ ఉద్యోగం ఎందుకు పట్టాడని అడిగితే, భయమున్న పనైతేనే జాగ్రత్తగా చేస్తాను వదినా, మిగతా పనుల్లో నిద్రొస్తుంది అన్నాడు. తెలివైన మాట. ఆ మాట తనకు అప్పుడు అర్థమై ఉంటే ఎంత బాగుండేది. వస్తాను, వాణ్ణి నేను చూసుకుంటాను అత్తయ్యా అంది. చూసుకుంది. బాగా చూసుకుంది.

మీటరు తొమ్మిది. నీటిలో చప్పుడు లేదు, తన ఊపిరి గరగర తప్ప. ఒక్కసారి తాడు వణికింది. తాడుకేసి చూస్తే తన చెయ్యే వణుకుతోంది.

వాడికి పదకొండేళ్ళప్పుడు టాన్సిల్స్ తీశారు. ఆమె ఆ ఇంటికి వచ్చి ఆరు నెలలు, కొత్త కోడలు, మరిదితో ఇంకా మొహమాటంగానే ఉండేది. ఆపరేషన్ బల్ల మీద వాడు సగం బల్ల కూడా లేడు, పాదాలు గుడ్డ కింద ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి, ఆమె చూపుడువేలు పట్టుకుని వదలలేదు. "భయమేస్తోంది వదినా." మొదటిసారి వదినా అని పిలిచింది అప్పుడే, అంతకు ముందు ఇదిగో, చూడండి అనేవాడు. "ఏం లేదు, భయం లేదు. నా కళ్ళలోకి చూడు. ఇద్దరం పది నుంచి వెనక్కి లెక్కపెడదామా?" మాస్కు పెట్టింది. పది. తొమ్మిది. ఎనిమిది. పెద్ద పెద్ద మీసాలవాళ్ళే ఎనిమిది దాటరు, ఏడు అన్నాడు, ఆరు అన్నాడు, ఆరు సగంలో వేలు వదిలేశాడు. కళ్ళు తెరిచాక అయిపోయిందా అని అడగలేదు వాడు. పూడుకుపోయిన గొంతుతో, "ఆరు దాకా వచ్చాను" అన్నాడు. ఆ మాట ఇంట్లో సామెత అయిపోయింది. పరీక్ష రాసి వచ్చి ఆరు దాకా వచ్చాను అనేవాడు, అంటే భయపడ్డాను గానీ గట్టెక్కాను అని. ఉద్యోగం ఇంటర్వ్యూ నుంచి ఫోన్ చేసి కూడా అదే మాట. ఆమెకు సొంత తమ్ముళ్ళు లేరు. ఉన్నా ఇంత ఉండేవాళ్ళు కాదేమో.

వదినగా ఆమెకు తెలిసిన విద్య ఒక్కటే, భయపడేవాళ్ళ భయం తీసెయ్యడం. ఆసుపత్రిలో ఆమె హస్తవాసి గురించి డాక్టర్లే చెప్పుకుంటారు, ఆవిడ చెయ్యి పడితే సగం మత్తు అక్కడే ఎక్కేస్తుందని. ఏడుస్తూ వచ్చినవాళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు పడుకుంటారు. నెత్తి మీద ఒకసారి నిమిరి, మణికట్టు పట్టుకుని, గొంతు తగ్గించి, ఏం లేదండీ, ఏం కాదు. కొన్నివేల సార్లు అని ఉంటుంది. భయం నిజంగానే అక్కర్లేని చోటు అది. అక్కడ నీ ఊపిరి నీ బదులు ఇంకొకరు చూసుకుంటారు, గాలిసంచి ఉబ్బుతోందా లేదా అని తనే కళ్ళార్పకుండా చూస్తుంది. భయపడాల్సిన పని తను తీసుకుంటుంది కాబట్టి వాళ్ళు భయపడక్కర్లేదు. ఇక్కడ ఎవరి సంచీ ఎవరూ పట్టుకోరు. ఈ చిన్న తేడా ఎందుకు తోచలేదు.

మాస్టారు చెప్పారు కదా. రేకుల షెడ్డులో, నల్లబల్ల మీద సుద్దతో గీతలు గీసి మరీ చెప్పారు. అరవై ఏళ్ళ మనిషి, ఒక చెవి వినపడదు, అందుకని అందరికీ వినపడదనుకుని గట్టిగా చెప్తారు. "ముప్ఫై మీటర్లు దాటాక గాలే మత్తు. ఏ మందూ కాదు, రోజూ పీల్చే ఈ గాలే. ఇందులో ఉన్న నైట్రోజన్ పైన మన జోలికి రాదు. కింద నీటి బరువు పెరిగేకొద్దీ మెదడుకెక్కుతుంది. ఒకడు నవ్వుతాడు, ఒకడు వణికిపోతాడు, ఒకడికి అన్నీ తనకే తెలిసినట్టు ఉంటుంది. ఆ మూడోవాడితోనే నాకు చావు." ఆమె నవ్వి, "మత్తు సంగతి మాకు చెప్తారా మాస్టారూ, మాకు అన్నం పెట్టేదే అది" అంది. ఆయన సుద్ద కింద పెట్టి, "మత్తు పెట్టేవాళ్ళకి అది ఎక్కినప్పుడు ఎలా ఉంటుందో తెలియదమ్మా" అన్నారు. మరిది బల్ల కింద ఆమె కాలు తొక్కాడు, నీకు బాగా పడింది అన్నట్టు. తర్వాత సైగలు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే బాగానే ఉందని. బొటనవేలు పైకెత్తితే పైకి పోదామని. అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి అటూ ఇటూ ఊపితే ఏదో తేడాగా ఉందని. "ఊపినవాణ్ణి ఏం తేడా అని అడక్కండి. ఏం కాదులే అని అసలే అనకండి. కింద ఊపినవాడిదే మాట, ఇద్దరూ పైకి వచ్చెయ్యడమే. ఒంటి మీద ఉన్నవాటిల్లో భయం ఒక్కటే నమ్మకమైన మీటరు, మిగతావన్నీ బ్యాటరీ మీద నడుస్తాయి." అందరూ నవ్వారు. ఆమె ఆ వాక్యం నోటు పుస్తకంలో రాసుకుంది కూడా. గుండ్రటి అక్షరాలతో, కింద గీత గీసి.

పలక. నడుముకు కట్టిన పలక మోకాలికి తగులుతోంది. తీసి చూసింది. పొద్దున తెప్ప మీద మాస్టారు ఇద్దరికీ చెరొక తెల్ల పలక ఇచ్చి, మీరు రోజూ చేసే పనిని వరసగా పది మెట్లుగా రాయండి, టైము చూస్తాను, కింద మళ్ళీ ఇదే రాయాలి అన్నారు. ఆమె మత్తు ఇచ్చే ముందు చూసుకునేవి రాసింది. పేరు అడగాలి. పొద్దుట్నుంచి ఏమైనా తిన్నారా అడగాలి. కట్టుడు పళ్ళు, ఉంగరాలు తీయించాలి. ఆక్సిజన్ సిలిండర్ తెరిచి ఉందో లేదో చూడాలి. ఇలా పది, నిమిషంలో. కింద నలభై మీటర్ల దగ్గర వేలాడదీసిన ఇనప బల్ల మీద మోకాళ్ళూని మళ్ళీ రాసింది. రాస్తున్నప్పుడు ఎంత సులువుగా ఉంది, పైన కంటే వేగంగా, అరనిమిషంలో ముగించానని ఛాతీ ఉబ్బింది. ఇప్పుడు ఐదు మీటర్ల వెలుగులో చదువుతోంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఆమె ఎప్పుడూ అంత అందంగా రాయలేదు. ఏడే ఉన్నాయి. ఉంగరాలు రెండుసార్లు తీయించింది. ఆక్సిజన్ లేదు. ఎక్కడా లేదు. పలక మూలన మాస్టారి చేతిరాత, నాలుగు నిమిషాలు అని. నాలుగు నిమిషాలు. ఏడు లైన్లకి. ఆమె పలక వదిలేసింది, అది తాడు చివర తిరగబడి ఊగింది.

అంతకు ముందు, ముప్ఫై దాటుతుండగా చల్లటి పొర ఒకటి తగిలింది, చెంపలు తిమ్మిరెక్కాయి. చేతులకున్న ఎర్ర తొడుగులు నల్లబడిపోయాయి, ఎరుపు అంత లోతుకు రాదట. తర్వాత ఏదో మంచిది జరిగింది. ఎలా చెప్పాలి, జీవితంలో ఎవరూ ఎప్పుడూ ఊపని ఊయల ఎవరో ఒకసారి ఊపినట్టు. భుజాల మీద ఉన్న బరువంతా ఎవరో దించారు. డ్యూటీలు, బస్సులు, అత్తగారి మోకాళ్ళు, అన్నీ ఎంత చిన్నవి. ఇనప బల్ల మూల వేలాడే దీపం చుట్టూ నీటిలోని మట్టి రేణువులు మెరుస్తున్నాయి, అంత అందమైన దుమ్ము ఆమె ఎన్నడూ చూడలేదు. అంతా తనకు తెలుసు. ఆ దీపం తెలుసు, ఆ బల్ల తెలుసు. అది ఆపరేషన్ బల్ల. ఆ దీపం థియేటర్ దీపం. డాక్టరు ఇప్పుడే వస్తాడు. ఇప్పుడు తలచుకుంటే ఆ ఆనందం తన చేతులకు ఇంకా అంటుకుని ఉన్నట్టు, కడుక్కోవాలని ఉంది. భయం లేకపోవడం అంత భయంకరంగా ఉంటుందని ఎవరికి చెప్తే నమ్ముతారు.

మీటరు ఏడు. కింద ఆమె రాయడం కాగానే మాస్టారు ఆమె పలక మూలన టైము వేసి, దీపం మినుకుమంటోందని బల్ల అవతలి మూలకు వెళ్ళారు. అరనిమిషం పని. మరిది ఆమెకు ఎదురుగా, బల్ల అంచు కమ్మీ పట్టుకుని ఉన్నాడు. వాడి పలక మీద రెండే లైన్లు. వాడు రెండోరకం, వణికిపోయే రకం. మాస్కులో కళ్ళు గుండ్రంగా ఉన్నాయి, బుడగలు ఎడతెరిపి లేకుండా పైకి పోతున్నాయి. అరచెయ్యి చాపి అటూ ఇటూ ఊపాడు. తేడాగా ఉంది. ఊపాడు. మళ్ళీ ఊపాడు. బొటనవేలు పైకెత్తాడు, పైకి పోదాం వదినా. ఆమె అదంతా చూసింది. ఎంత స్పష్టంగా చూసిందో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చూసి, పాపం అనుకుంది. పాపం, భయపడుతున్నాడు, పేషెంటు. ఊపుతున్న ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఆపేసింది. అందరికీ ఆపినట్టే. మాస్కు మీద నుంచే నుదురు నిమిరింది. కళ్ళలోకి చూడమంది. వాడు చూశాడు. ఎందుకు చూడడు, పదకొండేళ్ళ వయసు నుంచీ చూస్తున్న కళ్ళు. ఆమె రెండు చేతులూ వాడి ముందు తెరిచింది, పది వేళ్ళు. ఒకటి మడిచింది. తొమ్మిది. ఎనిమిది. వాడి ఊపిరి నెమ్మదించింది. ఏడు. ఎంత చక్కగా నెమ్మదించిందో, ఆమె వృత్తిలో అంత చక్కటి కేసు లేదు. ఆరు అనుకుంటా. ఆ తర్వాత దీపం వైపు చూసింది, దీపం మళ్ళీ వెలిగింది, ఎంత బాగుందో. అక్కడ చిల్లు. ఎంతదాకా లెక్కపెట్టిందో తెలియదు. తిరిగి చూసేసరికి వాడి చెయ్యి కమ్మీ మీద లేదు. వాడు వెనక్కి వాలుతున్నాడు, పడక మీద వాలినట్టు, తొందరేమీ లేదన్నట్టు. మెల్లగా బల్ల అంచు దాటాడు. ఆ బల్ల కింద ఇంకా ముప్ఫై మీటర్లు ఉంది క్వారీ. ఆమె సంతోషంగా చూస్తూ నిలబడింది. నిద్ర పట్టింది అనుకుంది. ఆ మాటే అనుకుంది, మందు పనిచేసింది అని.

తర్వాత మాస్టారి మొహం, మాస్కుకు మాస్కు తగిలేంత దగ్గరగా. ఆమె రెండు చేతులూ లాగి తాడుకు చుట్టారు, బొటనవేలు ఆమె కళ్ళ ముందు గుచ్చినట్టు పైకెత్తి చూపించారు. ఆయన తలకిందులుగా కిందికి పోవడం, ఆయన లైటు చిన్నదై చుక్కై ఆరిపోవడం, అది గుర్తుంది. చెప్పిన పని చేసే చేతులు కాబట్టి చేతులు తాడు ఎక్కాయి. ఇరవై దగ్గర బుర్రలో ఎవరో కిటికీ తెరిచారు. అంతా ఒక్కసారిగా లోపలికి వచ్చింది, వాడి అరచెయ్యి, వాడి బొటనవేలు, తన పది వేళ్ళు. పైప్రాణాలు పైనే పోయాయి అంటారు, నీళ్ళలో అవి ఎటు పోవాలో తెలియక గొంతులోనే కొట్టుకున్నాయి. వెంటనే తిరిగింది. కిందికి. వాడి కోసం, ఆ ఇంటి పిల్లవాడి కోసం, తలకిందులుగా తాడు పట్టుకుని లాక్కుంటూ దిగింది. ఇరవై ఐదు. ఇరవై ఎనిమిది. ముప్ఫై దగ్గర చల్లటి పొర చెంపలకు తగిలింది, తగలగానే లోపల ఎవరో మెత్తగా, వాడు బాగానే ఉంటాడులే, ఏం కాదు అన్నారు. తన గొంతే. పేషెంట్లతో మాట్లాడే గొంతు. భయం పల్చబడుతోంది. పల్చబడుతున్నకొద్దీ ప్రాణానికి హాయిగా ఉంది. ఆ హాయిని చూసి ఆమె భయపడింది, మిగిలిన కాస్త భయమంతా పోగుచేసుకుని భయపడింది, ఇంకో రెండు మీటర్లు దిగితే వాడు తనకు పట్టడు, వాడు చచ్చినా బతికినా దీపం చూస్తూ కూర్చుంటుంది. దిగితే పనికిరాదు, మాస్టారికి ఇద్దరు రోగులవుతారు. ఎక్కితే వాణ్ణి వదిలేసినట్టు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు గానీ నుయ్యి పైనా కిందా కూడా ఉంటుందని ఎవరు చెప్పారు. ఎక్కింది. తన భయం తనకు తిరిగి కావాలని ఎక్కింది. ఇరవై రెండు దగ్గర అది దొరికింది, అప్పట్నుంచి దాన్ని వదలకుండా పట్టుకుని ఇక్కడ వేలాడుతోంది.

ఐదు. మాస్టారి దగ్గర గాలి ఎంత ఉంటుంది. వాడి దగ్గర ఎంత, అంత వేగంగా పీల్చినవాడు. వాడి నోట్లోంచి గొట్టం జారిపోయి ఉంటే. నిద్రలో దవడ వదులవుతుంది, ఆమెకు తెలియనిదా, రోజూ ఆ దవడను ఎత్తి పట్టుకునేది తనే. అక్కడ ఎవరు పట్టుకుంటారు. అత్తగారు ఇప్పుడు ఏం చేస్తూ ఉంటుంది, పప్పు కడుగుతూ ఉంటుంది, ఇద్దరూ ఆకలి మీద వస్తారని కాస్త ఎక్కువే పోస్తుంది. నేనే నిద్రపుచ్చాను అత్తయ్యా. భయపడ్డాడు, భయం లేకుండా చేశాను. ఆవిడ ఏమీ అనదు. అనని మనిషి ఎదుట ఎన్నేళ్ళు అన్నం తినాలి. తప్పు ఎక్కడుంది అని ఎవరైనా అడిగితే ఎక్కడా లేదు, అన్నీ సరిగ్గానే చేసింది, గొంతు, చెయ్యి, కళ్ళు, లెక్క, పద్నాలుగేళ్ళ పనితనమంతా అక్కడ పెట్టింది. అదే తప్పు.

కింద ఏదో మెరిసింది. లైటు కాదు. బుడగలు. నలుపులోంచి బొట్టులా మొదలై, పైకి వచ్చేకొద్దీ పళ్ళెమంత వెడల్పై, ఆమె మొహం పక్క నుంచి ఉబ్బుతూ పోయాయి. ఆగాయి. మళ్ళీ ఒక గుత్తి. ఆగింది. మళ్ళీ. ఒక్కరి ఊపిరి. నిదానంగా, పాతకాలపు గడియారంలా, అరవై ఏళ్ళ మనిషి ఊపిరి. ఆమె ఇంకొకటి కోసం చూసింది. పద్నాలుగేళ్ళు గాలిసంచిని చూసిన కళ్ళు, ఊపిరి చూడటం ఒక్కటి వాటికి మరొకరు నేర్పక్కర్లేదు. గుత్తి, ఖాళీ. గుత్తి, ఖాళీ. ఆ ఖాళీలో ఏమీ లేదు. మీటరు నాలుగు అంది, మూడు అంది, ఆమె చూడలేదు. గుత్తి, ఖాళీ. దేవుడా అని కూడా అనుకోలేదు, అనుకుంటే ఒక ఊపిరి తప్పిపోతుందేమోనని. గుత్తి. ఖాళీలో సన్నగా, ఆవగింజల్లా, ఏవో నాలుగు. పగిలిన పెద్ద బుడగ ముక్కలేమో. మళ్ళీ గుత్తి. మళ్ళీ ఖాళీలో ఆవగింజలు, ఈసారి గుప్పెడు. తర్వాత ఖాళీ లేదు. నిదానపు ఊపిరి ఒకటి, దాని సందుల్లో రెండేసి మూడేసి, ఎగశ్వాసలాంటి ఊపిరి ఇంకొకటి, తొందర తొందరగా, తప్పుల తడకగా, బడి నుంచి పరుగెత్తుకొచ్చినవాడి ఊపిరి. భయపడుతున్నాడు. వాడు భయపడుతున్నాడు. ఆమె మాస్కులో కన్నీళ్ళు నిండాయి, వాటిని తుడవడానికి దారి లేదు, మసకలోంచే చూసింది. భయపడు నాన్నా, బాగా భయపడు, ఇంకా భయపడు.

లైటు ఒక్కటే వచ్చింది, వాడిది కింద ఎక్కడో పోయినట్టుంది. ముందు మాస్టారి చెయ్యి, వాడి సిలిండర్ పట్టీని పిడికిట్లో బిగించి. తర్వాత నల్లటి తొడుగులు రెండు, తాడు మీద ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ. పది మీటర్ల దగ్గర కాసేపు ఆగారు, ఆ నల్లటి చేతులు అక్కడే తాడును పిసుకుతూ ఉన్నాయి. అక్కడి నుంచి ఎక్కుతుంటే అవి గోధుమరంగు అయ్యాయి, తర్వాత ఎర్రబడ్డాయి. వాడు ఆమె పక్కకు వచ్చి తాడు పట్టుకున్నాడు. మాస్టారు అదనపు సిలిండర్ గొట్టం తీసి వాడి నోటికి అందించారు, రెండోది తను తీసుకున్నారు. ఆమె వైపు ఒకసారి చూసి సున్నా చుట్టారు, బాగానే ఉన్నావా అని అడగడానికి. ఆమె ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. వాడి మాస్కులో కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అంత విశాలంగా తెరుచుకున్న కళ్ళు ఆమె ఎప్పుడూ చూడలేదు, తన బల్ల మీదికి వచ్చినవాళ్ళవి మూసుకునే కళ్ళు కదా.

వాడు కుడిచెయ్యి తాడు మీద నుంచి తీశాడు. ఆమె మొహం ముందు పెట్టి వేళ్ళు చూపించాడు. బొటనవేలు మడిచి, నాలుగు. నాలుగో వంతు గాలే ఉందనా, నాలుగు నిమిషాలు ఆగాలనా, ఆమెకు తోచలేదు. వాడు మళ్ళీ చూపించాడు, నాలుగు, తల కొద్దిగా ఊపి. అప్పుడు తెలిసింది. ఆరు కాదు. ఈసారి నాలుగు దాకా వచ్చాను వదినా. ఆమె మరిచిపోయిన ఆ చిల్లులో ఉన్నది అది. ఆమె దీపం చూస్తున్నా వేళ్ళు మడుస్తూనే ఉంది, వాడు ఆమె వేళ్ళనే నమ్ముకుని, ఐదు, నాలుగు దాకా ఆమెతో వచ్చాడు.

నాలుగు వేళ్ళూ దగ్గరికి వచ్చాయి. చెయ్యి బల్లపరుపుగా సాగింది. అటూ ఇటూ ఊగింది. కింద ఊపినట్టే, అదే సైగ. తేడాగా ఉంది. భయంగా ఉంది. ఆమె కుడిచెయ్యి తనంతట తను లేచింది, వాడి నుదుటి వైపు పోబోయింది, పద్నాలుగేళ్ళ అలవాటు అంత తేలిగ్గా చస్తుందా. సగంలో ఆపింది. వేళ్ళు చాపి, అరచెయ్యి నేలకు తిప్పి, వాడి చేతి పక్కనే పెట్టి, తనూ ఊపింది. నాకూ. ఆమె చెయ్యి వాడి చెయ్యి కంటే ఎక్కువ వణికింది. వాడు ఆ చేతినే చూస్తూ ఊపిరి పీల్చాడు, వదిలాడు.

ఆమె మీటరు సున్నాకు వచ్చింది, పైకి పోవచ్చంటోంది. వాడి మీటరు ఇరవై రెండు. ఆమె తాడు వదలలేదు.